పక్క సీటు బ్రేకు

ఆవిడ నోరు ఎలాంటిదో ఆ పేటలో డ్రైవింగ్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. క్లచ్ తొక్కమంటే బ్రేకు తొక్కిన పాపానికి ఒక పోలీసాయన చేత కూడా చెవులు పట్టించినంత పని చేసింది. నేర్చుకునేవాళ్ళు ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల బ్రేకు మేడమ్ అంటారు. మొగుడు మాత్రం ఇంట్లోనూ వీధిలోనూ 'మాష్టారూ' అనే పిలుస్తాడు. అలాంటి మనిషి క్యాన్సర్ డాక్టరు ముందు కూర్చుని, అన్నిటికీ "సరేనండి, సరేనండి" అంటూ గంగిరెద్దులా తలూపి వచ్చిందంటే ఎవరైనా నమ్ముతారా?

మొగుడు నమ్మాడు. పక్కనే కూర్చుని కళ్ళారా చూశాడు మరి! రొమ్ములో గడ్డ తీసేశాం, ఆపరేషన్ బాగా జరిగింది, ఇక కీమో ఇవ్వాలి అంది డాక్టరమ్మ. సరేనండి. రెండు రకాల మందులు, ఒకటి అయ్యాక ఇంకొకటి. సరేనండి. జుట్టు ఊడుతుంది, వాంతులకు ముందుగానే మందిస్తాం, రెండో మందుతో కొంతమందికి కాళ్ళూ చేతులూ మొద్దుబారతాయి. సరేనండి. వచ్చే వారం వస్తే అన్నీ మాట్లాడుకుని మొదలుపెడదాం. సరేనండి! బయటికొచ్చి కారెక్కి, తాళం తిప్పబోతూ ఆవిడ ఆగిపోయింది.

"ఏవండీ, మొద్దుబారతాయి అందా?"

"అంది."

"కాళ్ళా?"

"కాళ్ళూ చేతులూ."

"దానికి నేను సరేనన్నానా?"

"నవ్వుతూ అన్నావు," అన్నాడాయన.

ఆవిడ బతుకంతా ఆ కుడికాలి మీదే నడుస్తోంది. డ్రైవింగ్ స్కూలు కారుకు పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుని బిక్కచచ్చిపోతే, పక్కన కూర్చున్న ఆవిడ తన బ్రేకు తొక్కుతుంది. ఎంత తొక్కాలో కళ్ళకు తెలియదు, అరికాలికి తెలుస్తుంది. అందుకే ఎండైనా వానైనా పల్చటి చెప్పులే వేస్తుంది. కొంచెం తక్కువైతే కారు ముందువాణ్ణి గుద్దుతుంది, కొంచెం ఎక్కువైతే వెనకవాడొచ్చి గుద్దుతాడు. జుట్టు పోతే పోయింది, మళ్ళీ మొలుస్తుందని ఆవిడ అప్పుడే తేల్చేసుకుంది. ఈ కాలు మొద్దుబారితే మటుకు తను ఎందుకూ పనికిరానిదాన్ని అవుతానని ఆవిడ భయం. ఆ భయంతో ఆ రాత్రి సరిగ్గా అన్నం కూడా తినలేదు.

"మరి అడగొచ్చుగా?" అన్నాడు మొగుడు.

"ఏమని అడగను? ప్రాణం కాపాడతానంటున్న మనిషిని పట్టుకుని, నా బ్రేకు సంగతేంటమ్మా అంటే నవ్విపోరూ?"

"నవ్వితే నవ్వనీ. నువ్వు ఎంతమందిని నవ్వులపాలు చెయ్యలేదు?"

ఆవిడకు కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే ప్రాణం కుదుటపడుతున్నట్టే లెక్క అని ఆయనకు తెలుసు. ముందుగా మాట్లాడి చూసుకుందాం, డాక్టరు వేషం నేను వేస్తాను అన్నాడు.

ఇంట్లో కుదిరే పని కాదు. అత్తగారుంది. చాలా మంచి మనిషి. కానీ కీమో అన్న మాట చెవిన పడితే చాలు, ఎరిగినవాళ్ళలో ఎవరెవరికి ఏమేమైందో మొదలుపెడుతుంది. అత్తగారి కథల్లో ఒక్కరూ బతికి బట్టకట్టరు. అందుకని మర్నాడు క్లాసులు అయ్యాక ఇద్దరూ పాత గోడౌన్ వెనక ఖాళీ స్థలానికి వెళ్ళారు. రివర్స్ నేర్పేది అక్కడే. ఆవిడకు కారు కదులుతుంటేనే నోరు కదులుతుంది కాబట్టి తను స్టీరింగ్ పట్టుకుంది. ఆయన పక్క సీట్లో, అంటే ఆవిడ సీట్లో, కళ్ళజోడు సర్దుకుని డాక్టరులా కూర్చున్నాడు.

ఆయనకు కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. డ్రైవింగ్ మాత్రం రాదు. ఈ స్థలంలో పది గజాలు నడిపించేసరికే చొక్కా తడిసిపోతుంది, రోడ్డు మీదికంటే ససేమిరా అంటాడు. అయినా లెర్నర్ లైసెన్సు గడువు తీరినప్పుడల్లా ఆవిడ పట్టుబట్టి కొత్తది తీయించి ఆయన జేబులో పెడుతూనే ఉంటుంది.

కారు నారింజరంగు కోన్ల మధ్య మెల్లగా కదిలింది.

"నమస్కారం డాక్టరుగారూ," అంది ఆవిడ.

"కూర్చోండమ్మా. ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఏవండీ! అది మీ కొట్లో అడిగేది."

"అలవాటు మాష్టారూ, అలవాటు. మళ్ళీ మొదలెడదాం." గొంతు సవరించుకున్నాడు. "ఈ రెండో మందు చాలా మంచిది. తప్పకుండా తీసుకోవాలి."

"సరేనం—"

ఆయన కాలి కింద బ్రేకు పడింది. కారు ఎగిరి ఆగింది.

"మెడ విరిగేది! ఏంటండీ ఈ మోటు పని?"

"నువ్వు సరేనంటే నేను బ్రేకు వేస్తాను. దారి తెలియకపోతే ముందు ఆపు, తర్వాత చూడు, ఆ తర్వాత కదులు అని అందరికీ చెప్తావుగా? నీకొక న్యాయం, ఊరికొక న్యాయమా?"

ఆవిడ పళ్ళు నూరి మళ్ళీ బండి కదిలించింది. సరేనండి, బ్రేకు. మీ ఇష్టమండి, బ్రేకు. మీకు తెలియనిదేముంది, మరీ గట్టి బ్రేకు. కాసేపటికి ఆవిడలోని మాష్టారు లేచి కూర్చుంది. గడ్డ తీసేశాక కీమో ఎందుకు? రెండో మందు మానేస్తే ఏమవుతుంది? దాని బదులు ఇంకోటుందా? ఒక్కో ప్రశ్నా ఒక్కో మలుపులో అడుగుతూ, కోన్లను చుట్టి వచ్చింది. డాక్టరు వేషంలో ఉన్నాయన జవాబులు తెలియక నీళ్ళు నమిలాడు. నమలనీ, జవాబుల కోసం కాదుగా వచ్చింది.

"ఇప్పుడు అసలుది అడుగు," అన్నాడాయన.

"డాక్టరుగారూ, నా కాలు..." ఆవిడే కారు ఆపేసింది. స్టీరింగ్ మీద తల పెట్టి భోరున ఏడ్చింది. ఆపరేషన్ రోజు కూడా ఏడవని మనిషి.

ఆయన కంగారు పడలేదు, ఓదార్చనూ లేదు. వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"అక్కడ ఏడుపొస్తే ఏడువు, వాళ్ళకేం కొత్త కాదు. ప్రశ్న మాత్రం మింగకు. నువ్వు సరేనండి మొదలెట్టావనుకో, చటుక్కున నీ కాలు తొక్కుతాను."

"మెల్లగా తొక్కండి," అంది ముక్కు చీదుతూ. "ఉన్నది ఆ ఒక్క కాలే."

అనుకున్న రోజు రానే వచ్చింది. ఈసారి ఆవిడ తలెత్తుకుని నడిచింది. డాక్టరమ్మ బల్ల అవతల నుంచి కుర్చీ ఇటు లాక్కుని, రిపోర్టు చూపించడానికి ఇద్దరికీ ఎదురుగా, దగ్గరగా కూర్చుంది. ఆవిడ మొదటి ప్రశ్న తడబడకుండా అడిగింది.

"గడ్డ తీసినా, కంటికి కనిపించని కణాలు ఎక్కడైనా మిగిలి ఉండొచ్చమ్మా. అవి మళ్ళీ తలెత్తకుండా ఈ మందులు," అంది డాక్టరమ్మ. రెండోదానికీ ఓపిగ్గా జవాబిచ్చింది. మొగుడు మీసం చాటున నవ్వుకున్నాడు.

అంతలో డాక్టరమ్మ, "రెండో మందు సంగతి పోయినసారే చెప్పాను కదా, మొద్దుబారడం గురించి. దానికి మీకేం అభ్యంతరం లేదుగా?" అంది.

ఆవిడ నోరు తెరిచింది. కాలు గుర్తొచ్చింది. "సరేనండి" అని బయటికొచ్చేసింది!

మొగుడు ఆలస్యం చెయ్యలేదు. ఆ రోజు కారులో అలవాటైనట్టే, తిన్నగా ఎదురుగా కాలు చాచి గట్టిగా తొక్కాడు.

"అమ్మో!" అని అరిచింది డాక్టరమ్మ.

ఆయన మొహం పాలిపోయింది. "క్షమించండి డాక్టరుగారూ. బ్రేకు అనుకున్నాను."

"బ్రేకా?"

ఆవిడకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ నవ్వుతో గొంతులో ఇరుక్కున్నది కాస్తా ఊడివచ్చింది. పక్క సీటు, అరికాలు, పల్చటి చెప్పులు, కోన్ల చుట్టూ తిరగడం, అన్నీ గడగడా చెప్పేసింది. చివర్లో నవ్వు లేదు.

"నాకు బతకాలనుంది డాక్టరుగారూ. ఆ పని చేసుకుంటూ బతకాలనుంది. నా కాలు నాకు మిగులుతుందా?"

డాక్టరమ్మ తన కాలు రుద్దుకోవడం ఆపింది. "ఇది మొన్ననే చెప్పాల్సిందమ్మా. మొద్దుబారదని మాట ఇవ్వలేను, అబద్ధం అవుతుంది. కొంతమందికి అసలు రాదు. వచ్చినవాళ్ళలో చాలామందికి మందు ఆపాక నెమ్మదిగా తగ్గుతుంది. కొద్దిమందికి ఉండిపోతుంది. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. వేళ్ళ చివర చిమచిమ మొదలైన రోజే నాకు చెప్పాలి. ఓర్చుకోకూడదు. మోతాదు తగ్గించవచ్చు, ఆపవచ్చు. మీ విషయంలో వేరే మందు వాడవచ్చేమో కూడా చూస్తాను. దాని ఇబ్బందులు దానికుంటాయి, రెండూ పక్కపక్కన పెట్టి చెప్తాను, అప్పుడు నిర్ణయిద్దాం. మొదటి మందు మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. ఇంకో మాట. ఒంట్లో బాగోలేని రోజు, కాలు తేడాగా అనిపించిన రోజు, మీరు బండి ముట్టుకోకూడదు."

ఆవిడ ఆలోచించింది. అందులో తనకు అర్థం కానిదేదైనా ఉందా అని తిరగేసి చూసుకుంది.

"సరేనండి," అంది.

మొగుడి కాళ్ళు రెండూ కుర్చీ కింద బుద్ధిగా ముడుచుకుని ఉన్నాయి. ఈసారి తొక్కక్కర్లేదని ఆయనకు తెలిసింది.

బయట కారు దగ్గరికొచ్చాక ఆవిడ తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

"ఎక్కండి. అటు కాదు, ఇటు."

"మాష్టారూ! రోడ్డు మీదా? నా వల్ల కాదు."

"కీమోకి నన్ను తీసుకొచ్చి తీసుకెళ్ళేది ఎవరు, మీ అమ్మా? లైసెన్సు జేబులోనే ఉందిగా. నోరు పెగలని నాచేత అంత మాట్లాడించారు, మీరు స్టీరింగ్ తిప్పలేరా? కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. అద్దం సరిచేసుకున్నాడు, బెల్టు పెట్టుకున్నాడు. ఆవిడ తన సీట్లో కూర్చుని చెప్పు విడిచింది. కుడి అరికాలు బ్రేకు మీద ఆనించింది. రబ్బరు మీది గీతలు ఒక్కొక్కటీ చల్లగా తగిలాయి. ఎప్పుడూ ఉన్నవే. ఇన్నేళ్ళలో వాటిని ఇంత శ్రద్ధగా ఆవిడ ఎన్నడూ పట్టించుకోలేదు.

కారు గేటు దాటి రోడ్డెక్కింది. వెనకవాడెవడో హారన్ కొట్టాడు. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి వాడికి తగిన సమాధానం చెప్పింది. ఆయన పెదవి కొరుక్కుంటూ మలుపులు తిప్పాడు, మనుషులకు దారిచ్చాడు, ఇంటి ముందు తనంతట తానే ఆపాడు.

"ఏం మాష్టారూ, ఒక్కసారి కూడా బ్రేకు వెయ్యలేదేం?" అన్నాడు, ఊపిరి తీసుకుని.

ఆవిడ అరికాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. కళ్ళు తుడుచుకుంది.

"మీరు ఆపారుగా," అంది. "రేపు రివర్స్ నేర్పుతాను. ఆలస్యంగా వస్తే ఊరుకోను."