నీళ్ళలో పడ్డవాళ్ళ పేరిట అర్చన

దిల్‌సుఖ్‌నగర్ యాదలక్ష్మి మనవరాలు హిమజ నేవీలో ఆఫీసరు. వాళ్ళ ఓడ సముద్రపు దొంగల వెంట పడిందని విన్నప్పటి నుంచి ముసలమ్మకు ముద్ద దిగలేదు. పిల్ల పేరున అర్చన చేయించాలని కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో లైన్లో నిలబడి ఉండగా ఫోను మోగింది.

"నానమ్మా, నేను మంచిగున్న. దొంగల పడవ మునిగింది."

"పీడ పోయింది బిడ్డా!"

"ఏం పోయింది, నలుగురిని మేమే నీళ్లలకెళ్లి గుంజినం."

"మీ మీద తుపాకులు పేల్చినోళ్లనా? పిచ్చి లేసిందా?"

"నీళ్లల్ల పడ్డంక శత్రువు గాదు నానమ్మా, కాపాడాల్సిందే. అన్ని దేశాలు ఒప్పుకున్న చట్టం."

యాదలక్ష్మికి ఒళ్ళు ఝల్లుమంది. చూసే దిక్కు లేని నడిసముద్రానికి ఇంత గొప్ప మాట ఎవరు రాశారో! రాస్తే రాశారు, తుపాకులు పట్టినవాళ్ళు వింటున్నారే! అందులో ఒకతె తన ఒళ్ళో పెరిగిన పిల్ల!

ఇంతలో ఆమె వంతు వచ్చింది. పూజారి గోత్రనామాలు అడిగాడు. ఆమె మనవరాలివి చెప్పి, చాచిన పూజ పళ్ళెం వెనక్కి తీసుకోలేదు.

"ఇంక నలుగురున్నరు అయ్యగారూ. పేర్లు ఎరుక లేదు."

"గోత్రమన్నా చెప్పమ్మా."

"మా గోత్రమే చదువుండ్రి."