తూకానికి ముందు టిఫిను

వానెటా ఫ్రీసెన్ మీటింగు హాల్లోకి అడుగుపెట్టేసరికే కోచ్ ఎలోయ్ సాండొవల్ దొంగ అయిపోయాడు. ఇంకా ఓటు పడలేదు, అంతే.

"మూడు వేల ఆరువందల ముప్పై డాలర్లు," అంటున్నాడు కాలేజీ ప్రెసిడెంటు డాక్టర్ ప్రెస్కాట్ వేల్, గుండె మీద చెయ్యి పెట్టుకుని. "పిల్లల టిఫిను డబ్బు. చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఒకప్పుడు నేనూ కుస్తీ పట్టినవాణ్ణే."

నోరు రావడం లేదంటూనే ఇరవై నిమిషాలుగా మాట్లాడుతున్నాడు.

కాటన్‌వుడ్ బెండ్ కమ్యూనిటీ కాలేజీ ట్రస్టీలు ఏడుగురూ గుర్రపునాడా ఆకారపు బల్ల వెనకాల కూర్చుని, బాధపడుతున్నట్టు తలలు ఊపుతున్నారు. వాళ్లలో నలుగురికి కుస్తీ జట్టు ఎక్కడ సాధన చేస్తుందో కూడా తెలియదు. తొమ్మిదో అంశం మాత్రం అందరికీ తెలుసు: కుస్తీ రద్దు, కోచ్ తొలగింపు, ఫైలు షెరీఫుకి అప్పగింత. ఏడాదికి రెండు లక్షల పన్నెండు వేలు మిగులుతాయి. ఆ మిగులుతో ఏం చేస్తారో పదో అంశంలో ఉంది. ఫుట్‌బాల్ మైదానంలో మూడంతస్తుల ఎత్తు వీడియో తెర. ఫుట్‌బాల్ జట్టు కిందటి ఏడాది గెలిచింది ఒకే ఒక్క ఆట. ఓడిన పది ఆటలనూ ఇక మీద ఊరంతా పెద్దగా చూడొచ్చు.

కుస్తీ జట్టు ఆ ఏడాది దేశంలో నాలుగో స్థానంలో ఉంది. రెండు వారాల్లో జాతీయ పోటీలు. అలాంటి జట్టును ఊరికే రద్దు చేస్తే కాన్సాస్ రాష్ట్రంలో ప్రతి పొలం నుంచీ తిట్లు వస్తాయి. కోచ్ దొంగ అయితే ఎవరూ నోరెత్తరు.

వానెటా తలుపు దగ్గర బల్ల మీద పసుపు కార్డు తీసుకుని పేరు రాసింది. ఊరివాళ్లెవరైనా ఆ కార్డు రాసిస్తే మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. బోర్డు వింటుంది, జవాబు చెప్పదు. అదీ పద్ధతి. ఆమె కార్డు అయిదోది.

ఆమెకు అరవై ఒకటి. పంతొమ్మిదేళ్లుగా ఆటల విభాగంలో సామాన్ల గది ఆమెదే. బట్టలు ఉతకడం, బూట్లు లెక్కపెట్టడం, తమ తరగతి బరువు దాటలేదని తేల్చుకోవడానికి పోటీకి ముందు కుస్తీ కుర్రాళ్లు ఎక్కే తూకపు యంత్రాన్ని సరిచూడటం. పెద్ద జీతాలవాళ్లు ఆ గదికి రారు. చెమట వాసనట.

ఆ మధ్యాహ్నం ఉతికిన తువ్వాళ్లు ఆరబెట్టే యంత్రంలో తిరుగుతుండగా ఆమె బోర్డు కాగితాల కట్ట చదివింది. డెబ్బై పేజీలు. మీటింగుకి ముందు అందరికీ అందుబాటులో పెట్టాలని చట్టం, అందుకే పెడతారు. ఎవరూ చదవరని వాళ్ల ధైర్యం. నలభై ఒకటో పేజీ నుంచి పదకొండు భోజనం కాగితాలు ఉన్నాయి. ప్రతి దాంట్లో ఇరవై ఇద్దరు కుర్రాళ్ల పేర్లు, ఎదురుగా రెండు గళ్లు: టిఫిను, భోజనం. రెండు గళ్లలోనూ పొట్టి సంతకాలు. గడికి పదిహేను డాలర్లు.

ఆమె మొదటి కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత తువ్వాళ్లను యంత్రంలోనే వదిలేసి పార్కింగుకి పరిగెత్తింది.

సాండొవల్‌ని కాలేజీ భవనాల్లోకి రానివ్వడం లేదు. రోడ్డు అవతల తన పాత ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు.

"టిఫిను డబ్బు ఎప్పుడైనా అడిగావా?" అంది వానెటా, కిటికీలోంచి.

"ఏ టిఫిను?"

"పోటీలకి పోయినప్పుడు. పొద్దున."

"పొద్దునా? తూకానికి ముందా?" అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నీకేమైనా పిచ్చి పట్టిందా? ముందు రోజు మధ్యాహ్నం నుంచే వాళ్లు నీళ్లు కూడా మానేస్తారు. మా చిన్నోడు ఆ కాస్త బరువైనా తగ్గాలని సీసాలో ఉమ్ముతూ బస్సెక్కుతాడు. పొద్దున వాళ్ల ముందు టిఫిను పేరెత్తితే నన్ను కరుస్తారు."

"అదే. నీకు ఏ కాగితమూ చూపించలేదా?"

"ఏం చూపిస్తారు? 'భోజనం డబ్బుల్లో తేడా' అన్నారు, తాళాలు లాక్కున్నారు. పిల్లల్ని పిలిచి 'కోచ్ మీకు టిఫిను డబ్బు ఇచ్చాడా' అని అడిగారట. లేదన్నారు. అబద్ధం చెబుతారా మరి?"

అక్కడే ఉంది ఉచ్చు. పోటీకి ముందు ఆ కాగితం మీద కుర్రాళ్లు భోజనం గడిలో సంతకం పెడతారు, కోచ్ తన జేబులోంచి డబ్బు పంచుతాడు. కాగితం ఆటల విభాగం పెద్దకి వెళుతుంది. ఆయన సంతకం పడ్డాక ఖజానా నుంచి డబ్బు తీసుకుని, కవరులో పెట్టి కోచ్‌కి పంపుతారు. కోచ్‌కి ప్రతిసారీ భోజనం డబ్బే వచ్చింది. ఖజానా నుంచి మాత్రం రెండింతలు బయటికి పోయింది. మధ్యలో ఎవరో ఖాళీగా ఉన్న టిఫిను గడిని నింపారు. కుర్రాళ్లు నిజం చెప్పారు, ఆ నిజమే కోచ్ మెడకు చుట్టుకుంది.

"లోపలికి పోకు, వానెటా," అన్నాడు సాండొవల్. "నీ ఉద్యోగం కూడా ఊడుతుంది."

"నా ఉద్యోగానికి పోటీ ఎవరయ్యా? రమ్మను. వచ్చి నలభై జతల కంపు బట్టలు ఉతకమను."

ఇప్పుడు హాల్లో నాలుగో కార్డు మనిషి లైబ్రరీ కప్పు కారుతోందని చెప్పి కూర్చున్నాడు. ఎవరూ రాసుకోలేదు.

"వానెటా ఫ్రీసెన్," అని పిలిచింది అధ్యక్షురాలు ఆర్డిత్ కోన్. ఊరికి పశ్చిమాన పద్దెనిమిది వేల పశువులను మేపి అమ్మే మనిషి. బోర్డులో చేతులకు కాయలు కాచినది ఆవిడ ఒక్కతే.

మైకు పక్కన చిన్న దీపం పచ్చగా వెలిగింది. మూడు నిమిషాలు.

"నేను ఈ కాలేజీ ఆటగాళ్ల బట్టలు ఉతుకుతాను," అంది వానెటా. ముందు వరసలో ఫుట్‌బాల్ దాత ఒకడు పక్కవాడిని మోచేత్తో పొడిచి నవ్వాడు. "కోచ్ గురించి పొగడటానికి రాలేదు. డాక్టర్ వేల్‌ని ఒక్క మాట అడగాలని వచ్చాను."

"జవాబులు చెప్పడం ఉండదమ్మా. నీకు తెలుసుగా పద్ధతి," అంది ఆర్డిత్.

"తెలుసు మేడమ్. ఇది కాలేజీ సంగతి కాదు. ఆయన కుస్తీ పట్టిన రోజుల సంగతి. ఆయనకి ఇష్టమైతేనే."

వేల్ ముఖం విప్పారింది. తన గురించి అడిగితే ఆయన అంత్యక్రియల్లో కూడా జవాబు చెప్పే రకం. ప్రతి సన్మాన సభలోనూ ఆ కుస్తీ రోజులు వస్తాయి. ఒక ఏడాది చెబితే జిల్లా విజేత, మరో ఏడాది చెబితే రాష్ట్ర విజేత. పతకం మాత్రం ఎవరూ చూడలేదు.

"అడగండి, అడగండి. దాచేదేముంది," అన్నాడు.

"పోటీ రోజు పొద్దున, తూకానికి పోయేముందు మీరేం తినేవారు?"

వేల్ కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్లు సగం మూశాడు. "మా అమ్మ చేతి పాన్‌కేకులు," అన్నాడు. "ఒక దొంతి. నాలుగు గుడ్లు, పంది మాంసం ముక్కలు, ఇంత గ్లాసు పాలు. మా అమ్మ అనేది, 'ఖాళీ కడుపుతో కుస్తీ ఏం పడతావురా' అని. ఈ పిల్లలకి ఆ అమ్మ ప్రేమ కూడా దక్కకుండా..."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత కుస్తీ జట్టు మొత్తం, ఇరవై మంది పైగా, ఒక్కసారిగా పగలబడి నవ్వింది.

"ఏ బరువులో పట్టారు డాక్టర్?" అని అరిచాడు అందరికన్నా చిన్నవాడు, నూటపాతిక పౌండ్ల తరగతి డీగో. "పోతుల తరగతిలోనా?"

"నాలుగు గుడ్లట రా! మనం నాలుక మీద ఐసు ముక్క పెట్టుకుంటేనే కోచ్ చంపుతాడు!"

"నిశ్శబ్దం!" అన్నాడు వేల్. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి ఇంకా అర్థం కాలేదు. అదే అందరికీ అర్థమైంది.

ఆర్డిత్ కోన్ మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "బరువు ఎక్కువ తూగాలని తూకానికి ముందు పశువుకి మేతా నీళ్లూ పట్టించి నా దగ్గరికి తెచ్చే మోసగాళ్లని చూశాను," అంది మెల్లగా. "బరువు తగ్గి తూగాల్సినవాడు తిని పోవడం మాత్రం వినలేదు. చెప్పు వానెటా."

దీపం పసుపు రంగుకి మారింది.

"నలభై ఒకటో పేజీ చూడండి మేడమ్. బస్సు దిగిన పొద్దున ఇరవై ఇద్దరూ టిఫిను డబ్బు తీసుకున్నట్టు ఉంది. పదకొండు సార్లు. ఈ దేశంలో ఏ కుస్తీ కోచ్ అయినా డబ్బు తినాలనుకుంటే రాత్రి రెండో భోజనం అని రాస్తాడు. తూకానికి ముందు టిఫిను అని చచ్చినా రాయడు. ఇది రాసినవాడు జన్మలో తూకపు యంత్రం ఎక్కలేదు."

ఏడు కాగితాల కట్టలు ఒకేసారి తెరుచుకున్నాయి. కొన్నిటికి అదే మొదటిసారి.

"ఇది కుట్ర," అన్నాడు వేల్. "ఒక చాకలి మనిషి ఊహ..."

"అవును, చాకలి మనిషినే. మరక ఎక్కడి నుంచి వచ్చిందో చూడటమే నా పని," అంది వానెటా. "ఇంకొకటి మేడమ్. ప్రతి కాగితం కింద ఒకే సంతకం ఉంది. క్రెయిగ్ డెన్‌హోమ్."

అందరి తలలూ ఆటల విభాగం పెద్ద వైపు తిరిగాయి. డెన్‌హోమ్ వేల్ పక్కనే కూర్చున్నాడు, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని. ఎవరి పక్కన కుర్చీ ఖాళీ ఉంటే వాళ్ల మాట మాట్లాడే మనిషి. పదిహేనేళ్లలో ఆరుగురు ప్రెసిడెంట్లు మారారు. ప్రతి ఒక్కరూ తనకు చిన్ననాటి స్నేహితుడే అన్నట్టు మెలిగాడు. సాండొవల్ ఇంట్లో థాంక్స్‌గివింగ్ పండగ విందు తిన్నవాడే. సాండొవల్ తాళాలు లాక్కున్నదీ వాడే.

"పదకొండు పోటీలూ నవంబరు ఎనిమిది నుంచి జనవరి ఆఖరు లోపల జరిగాయి," అంది వానెటా. "ఆ మూడు నెలలూ ఈయన మోకాలు కోయించుకుని విచితా నగరంలో వాళ్ల అక్క ఇంట్లో మంచం మీద ఉన్నాడు. నేనే పువ్వులు పంపించాను. మంచం దిగి వచ్చి సంతకాలు పెట్టాడా, లేక..."

దీపం ఎర్రగా వెలిగింది. గంట మోగింది.

"సమయం అయిపోయింది," అన్నాడు వేల్. గొంతులో బరువు దిగినట్టు వినిపించింది. "ధన్యవాదాలు. తొమ్మిదో అంశానికి వెళదాం."

ఆర్డిత్ కోన్ వంగి, గోడకున్న తీగ పట్టుకుని లాగింది. దీపం ఆరిపోయింది. గంట గొంతులోనే చచ్చింది.

"ఏమయ్యా క్రెయిగ్," అంది. "ఇది నీ సంతకమేనా?"

డెన్‌హోమ్ పెదవులు తడుపుకున్నాడు. "అది... రబ్బరు ముద్ర మేడమ్. నేను లేనప్పుడు పనులు ఆగకూడదని..."

"ముద్ర ఎక్కడుంది ఇప్పుడు?"

"క్రెయిగ్," అన్నాడు వేల్, చాలా మెత్తగా. "నువ్వు జవాబు చెప్పాల్సిన పని లేదు. లాయరుని అడుగుదాం."

"అడగండి," అంది ఆర్డిత్. "షెరీఫు కూడా అడుగుతాడు. ఫైలు ఆయనకి పంపుదామన్నది మీరేగా. క్రెయిగ్, చివరిసారి అడుగుతున్నా. పదకొండు కాగితాల మీద నీ పేరు ఉంది. ఖజానా నుంచి డబ్బు నీ పేరుతోనే పోయింది. ఇది నువ్వైనా చేసి ఉండాలి, లేదా ఎవరు చేశారో నీకు తెలిసైనా ఉండాలి."

డెన్‌హోమ్ వెనక వరస వైపు చూశాడు. ఒక్క కుర్రాడూ చూపు తిప్పలేదు. తర్వాత కిటికీ వైపు చూశాడు. రోడ్డు అవతల పాత ట్రక్కు, దాని స్టీరింగు మీద తల ఆన్చిన మనిషి కనిపించారు.

వాడిలో సిగ్గు మేలుకుంటుందేమోనని వానెటా ఒక్క క్షణం ఆశపడింది. సిగ్గు కాదు, మేలుకున్నది భయం. అందరూ ఇన్నాళ్లూ చూసిందే: మునిగే పడవ ఏదో వాడికి ఎప్పుడూ అందరికన్నా ముందే తెలిసేది. డెన్‌హోమ్ తన కుర్చీని వేల్ కుర్చీకి ఒక జానెడు దూరం జరిపాడు. నేల మీద కుర్చీ కాళ్లు కీచుమన్నాయి.

"నేను మంచం దిగి తిరిగి రాగానే చూశాను," అన్నాడు. "చూసి, 'ఇదేంటి సార్, టిఫిను ఎందుకు' అని అడిగాను. 'తెర రావాలా వద్దా నీకు' అన్నాడు. నేను... నాకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది మేడమ్."

"పేరు చెప్పు," అంది ఆర్డిత్. "మైకులో చెప్పు. రికార్డు అవ్వాలి."

డెన్‌హోమ్ మైకుని దగ్గరికి లాక్కున్నాడు. పక్కకి చూడలేదు.

"ముద్ర ఆయన సొరుగులో ఉంది. గళ్లు నింపిందీ ఆయనే, డబ్బు తీసుకుందీ ఆయనే," అన్నాడు. "డాక్టర్ ప్రెస్కాట్ వేల్."