ముందే ఈనిన ఆవు

"తప్పు నీదేనని చెప్పేద్దాం, గొడవ వదిలిపోతుంది," అన్నాడు లిబార్డో. నొహెమీ అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. "ఆడమనిషివి, నిన్నెవరూ ఏమీ అనరు. పాలసంఘం అధ్యక్షుడే ఈ పని చేశాడంటే నేను తలెత్తుకోగలనా?"

"నేను చెప్పను. నిజం నువ్వే చెప్పు."

"సరేలే, చెప్తాను," అన్నాడు చొక్కా తొడుక్కుంటూ.

ఆ మాట నమ్మింది. పద్దెనిమిదేళ్ళ కాపురం తర్వాత కూడా నమ్మిందంటే ఆవిడ్ని ఏమనాలో! వాళ్ళ ఎర్రావు వట్టిపోయిన రోజు పొదుగువాపు రాకుండా నాలుగు చన్నుల్లోకీ మందు ఎక్కించింది నొహెమీయే. ఆ మందు పూర్తిగా దిగడానికి రెండు నెలలు పడుతుంది. ఆవు నెలా పదిరోజులకే ఈనింది. ఊరి ట్యాంకు దగ్గర రోజూ అందరి పాలూ పోసుకునేది నొహెమీయే; ఈ పాలు అందులో పొయ్యొద్దని రెండుసార్లు చెప్పింది. అంతంత పాలు పారబొయ్యడానికి ఆయనగారికి చేతులు రాలేదు. ఆమె పాస్తో పట్నానికి వెళ్ళిన పూట, ఆమె బదులు ట్యాంకు దగ్గర తనే నిలబడి పోసేశాడు. పట్నంలో పరీక్ష చేస్తే మందు బయటపడింది. పదకొండు ఇళ్ళ పాలూ కాలవలో కలిశాయి.

ఊళ్ళో ఎవరి ఆవు వట్టిపోయినా నొహెమీకే కబురొస్తుంది. దూరంగా ఉన్న చన్నులు ముందు తుడవాలి, దగ్గరవి తర్వాత. మందు మాత్రం దగ్గర చన్నులతో మొదలుపెట్టాలి, లేకపోతే తుడిచినవాటికి చెయ్యి తగిలి మళ్ళీ మురికవుతాయి. ఆ ఓపిక ఇంకెవరికీ లేదు. "పరాయి గొడ్ల పొదుగులు పట్టుకు తిరిగే కోడలు," అనేది అత్తగారు. "కప్పు బెల్లంనీళ్ళకి ఇంత చాకిరీయా?" అని లిబార్డో నవ్వేవాడు. కానీ గుమ్మంలోకి వచ్చి "నొహెమీ, నువ్వొస్తే గాని ధైర్యం లేదు" అని ఎవరైనా అంటే ఆ రోజంతా ఆమె ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క పిలుపే. అది పోతే ఇంకేం మిగలదని అతనికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం, బడిగదిలో జరిగిన పాలసంఘం సమావేశంలో లిబార్డో లేచి నిలబడ్డాడు. "దాచడం నాకు చేతకాదు. వట్టిపోయిన ఆవుకి పెట్టాల్సిన మందు మా ఆవిడ పొరపాటున పాలిచ్చే ఆవుకి పెట్టింది. వంటా వార్పూ, పిల్లలూ, మతి ఎక్కడుంటుంది చెప్పండి?"

అందరూ జాలిగా నవ్వారు. అతని నిజాయితీకి చప్పట్లు కొట్టారు. ఆమెని ఎంత సులువుగా క్షమించారంటే, ఆమె నోరు తెరవాల్సిన అవసరమే లేకపోయింది. బయటికొస్తుంటే ఉబల్దీనా పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. పదేళ్ళుగా ఆవిడ ఆవులన్నిటికీ నొహెమీయే మందు పెట్టింది.

"రేపు మా ఆవుకి నువ్వు రావద్దులే తల్లీ. కాస్త నడుం వాల్చు."

ఇంటికెళ్ళే దారంతా ఆమెకి ఏడుపు రాలేదు. 

మర్నాడు పొద్దున్నే ట్యాంకు ముందు క్యాన్లు వరసకట్టాయి. అందరికంటే ముందు లిబార్డో. క్యాను ఎత్తబోతుంటే నొహెమీ ట్యాంకు మూత దించి, దాని మీద చెయ్యి పెట్టింది.

"ఇది తీసుకెళ్ళు. నీ పాలు పొయ్యనివ్వను."

"ఏం? శుభ్రమైన పాలే. ఎర్రావువి కలపలేదు," గొణిగాడు.

"ఎర్రావు సంగతెందుకు? ఏ ఆవుకి మందు పెట్టానో నాకే తెలియదని నిన్న నువ్వే చెప్పావుగా. అలాంటప్పుడు నీ కొట్టంలో ఏ పాలు మంచివని పోసుకోను?"

వెనక వరసలోంచి ఉబల్దీనా పెద్దమ్మ క్యాను కింద పెట్టి, మెడ చాచి చూసింది.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు.

"జరుగు మరి. వెనకవాళ్ళ పాలు పోసుకోవాలి."

లిబార్డో జరగలేదు. క్యాను చేతిలోనే ఉంది. నేల చూస్తూ, "నువ్వు పెట్టింది ఎర్రావుకే. అది ముందే ఈనింది, నేనే పోశాను," అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేలా.

"నాకు తెలుసు," అంది నొహెమీ. "వాళ్ళకి చెప్పు."