విడవని గింజ

తెలుగు నేతగాళ్లు వలసపోయిన ఉధ్నాలో పొద్దున ఏడింటికి మగ్గాల చప్పుడు మొదలయ్యేసరికి వెంకటవ్వ గ్యాలరీలో చాట పట్టుకొని కూచుంటుంది. ఆమె చెరిగితే ఏదైనా విడిపోతుంది. బియ్యంలో రాళ్లు సరే, పాలల్లో నీళ్లు, పక్కింటి హన్సాబెన్ మాటల్లో నిజం కూడా. వాడకట్టోళ్లు వరుసలో నిలబడి, చెరిగించుకొని, "అచ్ఛా మాసీ" అని ఎవరి పనికి వాళ్లు పోతారు.

ఆ పొద్దు వరుస చివర మనుమరాలు వినోద నిలబడింది, చంకలో పిల్లలా ల్యాప్‌టాప్ పట్టుకొని.

వినోద ఏ కాలేజీలోనూ చదవలేదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకొని, మగ్గాలకు కంట్రోల్ డబ్బాలు చేసే చిన్న కంపెనీలో చేరింది. ఆ డబ్బాను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ అంతా ఒకే ముద్ద. ఒక్క అక్షరం మార్చినా మొత్తం మళ్లీ తయారుచేయాలి, మొత్తం మళ్లీ ఎక్కించాలి. అందుకు కార్ఖానా ఒక రోజు ఆగాలి. ఎర్రబటన్ నొక్కితే మగ్గం రెండు సెకన్లు ఆలస్యంగా ఆగుతోందని అందరికీ తెలుసు. కార్ఖానా సేఠ్ మాత్రం "దివాలీ కే బాద్" అని వాయిదా వేస్తాడు. ఆ మగ్గాల ముందే వినోద బాపు రాజనర్సు రోజుకు పన్నెండు గంటలు నిలబడతాడు.

ముద్దను విడివిడి ప్యాకేజీలు చేస్తే, కావలసినదొక్కటే చాయ్ తాగేలోపు ఎక్కించొచ్చు. పది రోజులుగా వినోద ఆ పనిలోనే ఉంది. అన్నీ విడిపోయాయి. ఎర్రబటన్‌ది మాత్రం ఒంటరిగా నడవనంటోంది. ఇంకేదో కావాలంటుంది, ఏం కావాలో చెప్పదు.

"బాపమ్మా, జర దీన్ని చెరుగవా?"

"ఏందే గిది, పప్పా, ఉప్పా?"

"బాపు పానం."

ముసలామె ల్యాప్‌టాప్‌ను చాటలో పెట్టి రెండుసార్లు ఎగరేసింది. నల్లని గింజలు రాలి కుప్పలయ్యాయి. మోటారుది ఒకటి, దారం తెగితే చెప్పేది ఒకటి, తెర మీద రాతలది ఒకటి. ఎర్రబటన్ కుప్పలోని ఒక గింజ రాతల కుప్పను పట్టుకొని వేలాడుతోంది.

"గిదొక్కటి ఇడుస్తలేదు బిడ్డా. ఎవలు కలిపిండ్రు?"

వినోద వంగి చూసి ఆ గింజను గుర్తుపట్టింది. కొత్తగా చేరినప్పుడు, 'మగ్గం ఆగింది' అని తెర మీద తెలుగులో కూడా కనబడాలని ముచ్చటపడి రాసింది తనే. బాపు చదువుకుంటాడని. ఆ అక్షరాలు గీయడం అయ్యాకే మోటారుకు ఆగమని చెప్పేలా పెట్టింది కూడా తనే.

"నేనే కలిపిన."

"మరి నువ్వే తియ్యి. నా రెక్కలు గుంజుతున్నయ్."

ముందు మోటారు, తర్వాత రాత. వినోద వరుస మార్చింది, ప్యాకేజీ తన కాళ్ల మీద తను నిలబడింది. మర్నాడు చాయ్ వేళకు నలభై మగ్గాలకూ ఎక్కించింది. సేఠ్ కుర్చీలోంచి లేవకుండానే "బస్, హో గయా?" అని, అంతేనా అన్నట్టు చూశాడు.

శుక్రవారం రాజనర్సు అంగీ చెయ్యి రోలర్లో పడింది. రెండో చేత్తో ఎర్రబటన్ కొట్టాడు. మగ్గం అక్కడికక్కడే ఆగింది.

చిరిగిన అంగీతోనే ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, కంచం ముందు కూచున్నాడు. అన్నం కలుపుతున్న ఐదు వేళ్లనూ వినోద ఒక్కొక్కటిగా చూసింది.

"ఏంది బిడ్డా, గట్ల చూస్తవ్? చారు పొయ్యి."

పోసింది. సగం చారు కంచం బయటే పడింది.