జాడీ పక్కన రెండు బిందెలు

బుచ్చవ్వ సిర్కా జాడీ పక్కన పడి ఉంది; ఆమె పెదాలు, నాలుక సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉబ్బాయి.

ముందు చూసింది కూతురు లింగవ్వ. "అవ్వా!" అని అరిచింది. బుచ్చవ్వ గొంతులోంచి గరగర తప్ప మాట రాలేదు.

లక్సెట్టిపేటలో బుచ్చవ్వ సిర్కాకు పేరుంది. ఎండాకాలం తాటికల్లు జాడీల్లో పోసి, మూతికి గుడ్డ కట్టి, వానలు పడేదాకా పుల్లటి వెనిగర్ అయ్యేలా పులియబెడుతుంది. ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు ఊరబెట్టడానికి ఊరంతా అదే కొంటుంది. జాడీ విప్పిన రోజు మరిది అంతయ్య మొదటి ముంత ముంచి పక్కన పెడతాడు. అందులోంచి బుచ్చవ్వ పుడిసెడు మింగి, తల ఊపితేనే సీసాల్లోకి వంపాలి. ఈసారి ఆమెకు నాలుగు రోజులుగా పడిశం. ముక్కుకు వాసనే తెలియడం లేదు.

అంతయ్య పరుగెత్తి కంపౌండర్ బాలమల్లును పిలుచుకొచ్చాడు. డాక్టరుండేది మంచిర్యాలలో. దారిలో వాగు పొంగి రెండు రోజులుగా బస్సు లేదు.

"ఏం తాగింది?"

"సిర్కానే," అంది లింగవ్వ.

"సిర్కాకు నోరు గిట్లయితదా? నేను రోజు తింటలేనా?" బాలమల్లు కళ్లు గది మూలకు వెళ్లాయి. పత్తిచేనుకు తెచ్చిన ఎండ్రిన్ డబ్బా అక్కడుంది. అతని గొంతు మారింది. "గా పురుగుల మందు కలిసిందంటే జల్ది కక్కియ్యాలె. తేజాబ్ అసొంటి యాసిడ్ అయితే మాత్రం కక్కియ్యద్దు, పోయిన తొవ్వనే మళ్ల కాల్చుకుంట వస్తది. ఎవరికన్న ఎర్కుంటే ఇప్పుడే చెప్పుండ్రి."

బాలమల్లు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"అయితే ఉప్పునీళ్లు తెండ్రి."

అంతయ్య లోటా తెచ్చాడు. బుచ్చవ్వ దాన్ని చేత్తో నెట్టేసింది. తల అడ్డంగా ఊపింది.

"జర తాగవే అవ్వా, నీ కాల్మొక్త," అంటూ లింగవ్వ తల్లి తల పట్టుకుంది. బాలమల్లు పోశాడు.

బుచ్చవ్వ కక్కింది. నెత్తురు పడింది. ఆ తర్వాత గరగర కూడా ఆగిపోయింది. ఛాతీ మాత్రం ఎగిసెగిసి పడుతోంది. సున్నపు గచ్చు మీద కక్కు పడిన చోట సన్నని నురగ బుసబుస పొంగింది.

బాలమల్లు ఆమె పక్కనున్న ముంత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు చిమ్మాయి. "కల్లు సిర్కా ఎర్రగుంటది గద. గిది బాయి నీళ్ల లెక్క తేటగుంది. లింగవ్వా, ఇది తేజాబే."

"మరి మందేంది?"

"పాలు తాగియ్యాలె. గుటక పడితేగా!" అతను గోడకు జారబడ్డాడు. "ఇగ నా చేతిల ఏం లేదు."

లింగవ్వ జాడీ గుడ్డ విప్పింది. లోపల చుక్క లేదు. ఎవరో కడిగి పెట్టారు. జాడీ పక్కన నిండుగా రెండు బిందెలు.

"చిన్నబాపూ, గీ నీళ్లెందుకు? మన సిర్కాల నీళ్లు పొయ్యం గద?"

అంతయ్య ఉన్నచోటనే కూలబడ్డాడు.

"నేనే తెచ్చిన బిడ్డా. ఎండాకాలం జాడీకి పొగ పెట్టుడు మర్సిన. కల్లు మురిగి పురుగులు పడ్డయ్. వదినెకు చెప్పనీకి నోరు రాలే. 'మా అంతయ్య చేతి కల్లు' అని ఇరవై ఏండ్ల సంది ఊరంత చెప్పుకుంటది. పోయినవారం మంచిర్యాలల సిర్కా తేజాబ్ కొన్న. ఒక పాలుకు పదిహేను పాళ్ల నీళ్లు పోస్తే అచ్చం సిర్కానే అన్నడు దుకాణపోడు. కొలుద్దామని ముంతల పోసి బాయికి పోయిన. గా ముంతనే, బిడ్డా. ఎప్పటి లెక్క తన కోసమే పెట్టిననుకున్నది. బిందెలు దించి చూస్తే పడి ఉంది. నీకంటె ముందు నేనే చూసిన. పెరట్లకు పోయి నిలబడ్డ, నువ్వు అరిచేదాక. ఎవరికన్న ఎర్కుంటే చెప్పుమని బాలమల్లు అడిగిండు. నాకు ఎర్కే. లోటా తెచ్చింది నేనే. వద్దు వద్దని తల ఊపుకుంట నన్నే చూసింది."