గుల్ల గోడ

గోడలకు చెవులుంటాయంటారు. డెన్మార్క్‌లోని ఫ్యున్ దీవిలో ఎడెల్ ఇంటి గోడకు గొంతు కూడా ఉంది. ఆమె భయమంతా ఆ గొంతు గురించే.

రైతులు తిరగబడి పాత కొయ్య ఇంటిని తగలబెట్టాక, ఆమె తాతగారు చెరువు నడుమ ఓక్ దుంగలు దిగ్గొట్టించి, వాటి మీద ఈ ఎర్ర ఇటుకల కోట లేపాడు. ఒకసారి చెయ్యి కాలినవాడు కదా, గోడ వెనక మరో గోడ కట్టించి, నడుమ సందులో మెట్లూ బావీ పెట్టించాడు. ఇప్పుడా సందులో ఎడెల్ భర్త ఓట్టె దాక్కున్నాడు. డెన్మార్క్ రాజు మనుషులకు తుపాకిమందు చేరవేశాడని, దీవిని ఆక్రమించిన స్వీడన్ సైన్యం అతన్ని ఉరితీయడానికి వెతుకుతోంది. బావి చెమ్మకు అతనికి దగ్గు పట్టుకుంది.

సిపాయిలతో వచ్చిన స్వీడన్ కెప్టెన్ స్వాంటె తడి బూట్లతో హాలంతా తిరుగుతూ కత్తి పిడితో గోడలు తడుతున్నాడు. పొయ్యి పక్కకు రాగానే చప్పుడు మారింది.

"ఏంటమ్మా, ఇక్కడ గుల్లగా ఉందే?"

ఎడెల్ చప్పున అందుకుంది. "పొగగొట్టం కదా కెప్టెన్ గారూ, గుల్లగా కాక ఇంకెలా ఉంటుంది?"

"అయితే పొయ్యి వెలిగించండి. వానకు కొయ్యబారిపోయాం."

వంటమనిషి బిర్గిట్టె అడ్డంపడింది. "వద్దు దొరా! గొట్టం మీద కొంగ గూడు పెట్టింది. కొంగ కింద మంట పెడితే ఇల్లు గుల్లయిపోతుంది!"

"అదీ గుల్లే, ఇదీ గుల్లేనా! మీ డెన్మార్క్ వాళ్ల కబుర్లూ మీరూనూ!" కెప్టెన్ తానే కట్టెలు పేర్చి నిప్పంటించాడు.

 సందులోకి గాలి వెళ్లే కన్నం ఆ పొయ్యిలోనే ఉంది.

గూడు అడ్డుపడి పొగ పైకి పోలేదు. వెనక్కి తిరిగి హాల్లోకి విరుచుకుపడింది. గోడలోంచి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఇక అయిపోయిందనుకుంది ఎడెల్. కానీ అప్పటికే సిపాయిలు దగ్గుతున్నారు, బిర్గిట్టె దగ్గుతోంది, కెప్టెన్ వంగిపోయి అందరికంటే గట్టిగా దగ్గుతున్నాడు. ఏ దగ్గు ఎవరిదో దేవుడికే తెలియాలి.

"గొట్టం నిజమేగానీ, పాడు కొంప!" అని తిట్టుకుంటూ కెప్టెన్ బయటికి పరిగెత్తాడు. సిపాయిలూ అతని వెంటే పడ్డారు. కాసేపటికి గుర్రాల చప్పుడు దూరమైంది.

ఎడెల్ మంట మీద బీరు కూజా కుమ్మరించి, కన్నం దగ్గర నోరు పెట్టింది. "ఏమండీ..."

జవాబు లేదు. ఇన్నాళ్లూ ఏ చప్పుడు బయటికి రాకూడదని దేవుణ్ణి వేడుకుందో, ఇప్పుడు ఆ చప్పుడు కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"ఏమండీ, వాళ్లు పోయారు. ఒక్కసారి దగ్గండి, మీకు దణ్ణం పెడతాను!"

గోడ దగ్గింది.

ఎడెల్ ఆ మసి ఇటుకలకు తల ఆనించి భోరున ఏడ్చింది.