తీతు పట్టుకున్న వైపు

నేను ఒక కోత రంపాన్ని, పగ మరిచిపోవడం చేతకానిదాన్ని. నాకు రెండు పిడులు. ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని లాగితే తప్ప నేను చిన్న కొమ్మనైనా కొయ్యలేను. పాలకొల్లు కమ్మరి ఒకాయన నన్ను చేసి నరసాపురం దగ్గరి అన్నదమ్ములిద్దరికి ఇచ్చాడు. అన్న గమలియేలు, తమ్ముడు తీతు. తీతు నన్ను లాగుతూ చర్చిలో నేర్చుకున్న పాటలు పాడేవాడు. ఆ పాటల తాళానికే నేను నడిచేదాన్ని.

గోదావరి మధ్య ఒక లంకలో బుల్లియ్యగారని ఒక కొబ్బరితోటల ఆసామి ఉండేవాడు. అన్నదమ్ములు ఆయన దగ్గర పనిచేస్తుండగా ఒక టేకు దుంగ మాయమైంది. బుల్లియ్యగారు ఎవరినీ ఏమీ అడగలేదు. తీతుని చెట్టుకి కట్టించి, ఊరంతా చూస్తుండగా కొట్టించాడు. దెబ్బలైతే మానాయి గానీ, తీతు అన్నం ముట్టడం మానేశాడు. మూడు నెలలకి చనిపోయాడు. "అన్నా, నేను తియ్యలేదు" అన్నదే అతని ఆఖరి మాట.

ఆ తరవాత పంతొమ్మిదేళ్లు గమలియేలు నా రెండో పిడిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చిన్న రంపాలతో బతుకు వెళ్లదీస్తూ నన్ను గోడకి తగిలించాడు. తీతు పోయిన రోజున మాత్రం ఏటా ఆకురాయి పట్టుకుని నా పళ్లకి పదును పెట్టేవాడు. చెట్టు కొయ్యని రంపానికి పదునెందుకని అతని భార్య అడిగేది. ఎందుకో నాకు తెలుసు.

అలా ఉండగా ఒక తుఫాను వచ్చి లంకల్ని ఊడ్చేసింది. ఆ సాయంత్రమే పాస్టరు కరుణాకరంగారు బియ్యం, టార్పాలిన్లు పోగుచేసి, చెట్లు కొయ్యడానికి ఎవరొస్తారని చర్చిలో అడిగారు. వెళ్లేది బుల్లియ్యగారి లంకకని వినగానే గమలియేలు లేచి నిలబడ్డాడు. "చూశారా, శత్రువు ఊరికి సేవకి వెళుతున్నాడు" అంటూ పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. మనుషులు ఎదుటివాడి ముఖంలో తమకి కావలసిందే చదువుకుంటారు. గమలియేలు వెళ్లింది బుల్లియ్య కూలిపోవడం కళ్లారా చూడడానికి. నేనూ అందుకే వెళ్లాను.

చూశాం. ఆయన పెంకుటింటి మీద పెద్ద మామిడిచెట్టు పడి ఉంది. భార్య సూరాయమ్మగారు వంటింట్లో, కాలి మీద దూలం పడి, ముందురోజు నుంచీ కదల్లేకుండా ఉన్నారు. పాస్టరుగారు తెచ్చిన మెషిను రంపం నీళ్లలో తడిసి పనిచెయ్యలేదు. ఎక్కడ కొయ్యాలో తెలియనివాడు కోస్తే మాను దొర్లి ఆవిడ మీదే పడుతుంది. అది తెలిసినవాడు అక్కడ గమలియేలు ఒక్కడే.

"బాబ్బాబు, బేగా కొయ్యి బాబూ!" అంటూ బుల్లియ్యగారు చేతులు జోడించాడు.

"నేనెవరో తెలిసిందాండి? తీతు అన్నని."

బుల్లియ్యగారు జోడించిన చేతులు దించేశాడు. గమలియేలు మాను మీద కూర్చుని నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు. "మావోడు దుంగ తీశాడో లేదో అందరి ముందూ సెప్పండి. అప్పుడు లెగుత్తాను."

పంతొమ్మిదేళ్లూ నేను పదునెక్కింది ఈ క్షణం కోసమే. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"బ్రదర్, ఏంటిది? ముందు ప్రాణం!" అన్నారు పాస్టరుగారు.

"మావోడిదీ ప్రాణవేనండి."

బుల్లియ్యగారు నోరు తెరిచాడు. చుట్టూ నిలబడ్డ ఊరివాళ్లని చూసి మళ్లీ మూసేశాడు. భార్య లోపల నలిగిపోతున్నా ఆయనకి పరువు అడ్డమొచ్చింది.

అప్పుడు చెట్టు కింద నుంచి గొంతు వినిపించింది. "ఆయన సెప్పరు నాయనా, నే సెబుతాను. దుంగ అమ్ముకుంది మా తమ్ముడు. మీవోణ్ణి కొట్టిన మర్నాడే మాకు తెలిసింది. నేనూ నోరు మూసుకున్నాను. తప్పే. దాహవేత్తంది నాయనా, కాసిని నీళ్లియ్యవా?"

గమలియేలు నన్ను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు. "ఆ రోజు కట్టేసినప్పుడు తీతు కూడా నీళ్లే అడిగాడు. ఎవళ్లూ ఇయ్యలేదు" అన్నాడు మెల్లగా. తరవాత పాస్టరుగారి వైపు తిరిగాడు. "ఇప్పుడు నేనూ ఈవిణ్ణి అట్టాగే కట్టేశానండి."

అతను లేచాడు. సందులోంచి ఆవిడకి నీళ్లు అందించాడు. మానుకి రెండు పక్కలా దన్నులు పెట్టించి, తీతు పట్టుకున్న వైపు పిడిని బుల్లియ్యగారి ముందుకు చాచాడు. "అట్టుకోండి."

మధ్యాహ్నం దాకా కోశారు. ఎన్నడూ పని ఎరగని ఆ అరచేతులు పొక్కులెక్కి చిట్లాయి. పాస్టరుగారు తాను లాగుతానంటే గమలియేలు వద్దన్నాడు. బుల్లియ్యగారూ పిడి వదల్లేదు. ఆయన నెత్తురు నా పిడి మీద పడుతుంటే నాకు సంతోషమే వేసింది, దాచడమెందుకు?

సూరాయమ్మగారి కాలు పోయింది, ప్రాణం దక్కింది. ఆవిణ్ణి పడవెక్కిస్తుండగా బుల్లియ్యగారు గమలియేలు చెవి దగ్గర, "తీతు దొంగ కాడు" అన్నాడు. "నాక్కాదండి, ఆళ్లకి సెప్పండి." ఆయన ఊరివైపు తిరిగి చెప్పాడు. ఎంత నెమ్మదిగా అంటే, వెనకవాళ్లు "ఏంటంట, ఏంటంట?" అనడిగితే ముందువాళ్లు నాలుగుసార్లు గట్టిగా చెప్పవలసి వచ్చింది.

తరవాతి ఆదివారం చర్చిలో పాస్టరుగారు గమలియేలుని, దేవుడు తనలో చేసిన పని గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నారు. క్షమాపణ గురించి మంచి కథ వస్తుందని అందరూ ముందుకు వంగారు.

"నేను బుల్లియ్యగారిని ఇంకా క్షమించలేదండి. ప్రయత్నం సేత్తన్నాను. ఓ ఆడమనిషి సెట్టు కింద నలిగిపోతంటే నేను పైన కూకున్నాను. దానికి దేవుడు నన్ను క్షమించాలని అడగడానికి లేచాను. అంతేనండి."

వెనక వరసలో ఒక ముసలమ్మ "ఆమేన్" అంది.

గమలియేలు నన్ను చర్చికి ఇచ్చేశాడు. ఇప్పుడు నేను అక్కడి సామాన్ల గదిలో, మిగిలిపోయిన టార్పాలిన్ల మధ్య ఉన్నాను. నన్నెవరూ సాక్ష్యం అడగలేదు. అడిగితే నేను చెప్పేది ఒక్కటే: గమలియేలు ఆ మాను మీద ఇంకాసేపు కూర్చోవలసింది.